అడిగినవాళ్ళకి మందు కొట్టే తైవాన్ పంపు ఇచ్చాను, నా పత్తి ముడుచుకుపోయింది. ఇక మీదట ఎలా ఇవ్వాలి?

పత్తిచేను_ఖమ్మం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. రెండున్నర ఎకరాలు పత్తి వేశాను, ఎకరం మిర్చికి ఉంచాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన ఏడాది 9,500 పెట్టి తైవాన్ పంపు కొన్నాను. టూ స్ట్రోక్ ఇంజిను, 25 లీటర్ల ట్యాంకు. మా బజారులో ఇలాంటిది నా దగ్గర ఒక్కటే ఉంది. వానాకాలం మొదలైతే అది మా ఇంట్లో ఉండేది తక్కువ, ఊళ్ళో తిరిగేది ఎక్కువ. దానికి నాకేం బాధ లేదు. మా నాన్న ఉన్నప్పుడు కూడా మా వాకిట్లో సామాను అంతే. గొర్రు, గుంటక, నిచ్చెన, గడ్డపార ఎవరికి కావాలంటే వాళ్ళు వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. మట్టితో తెచ్చి గోడకి ఆనించి పోయినా నాన్న ఏమీ అనేవాడు కాదు. "మట్టి కడిగితే పోతుంది" అనేవాడు.

జూలై మూడో వారంలో మా పక్క చేను బాబాయ్ (వరుసకే, కానీ సొంత బాబాయ్ కంటే ఎక్కువ) పంపు అడిగాడు. ఇచ్చాను. ఒకరోజు ఉంచుకుని సాయంత్రం తెచ్చి పెట్టాడు. ట్యాంకు తడిగా ఉంది. కడిగాడులే అనుకున్నాను. ఏం మందు కొట్టాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత నేను పచ్చదోమకి ఫ్లోనికామిడ్ అనే పురుగు మందు కొట్టాను. అప్పటికి పత్తి నలభై రోజులది. పది రోజులకి చేలోకి పోయి చూస్తే గుండె గుభేలుమంది. కొత్తగా వచ్చిన ఆకులు సన్నగా, వేళ్ళు చాపినట్టు చీలి ఉన్నాయి. అచ్చం బెండ ఆకు. ఈనెలన్నీ దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి నిలువుగా ఉన్నాయి. కొస కొమ్మ మెలి తిరిగి కిందికి వంగింది. గూడ (పూమొగ్గ) పట్టుకుంటే చేతిలోకి రాలుతోంది.

ముందు వైరస్ అనుకున్నాను. మొక్క పీక్కుని మందుల దుకాణానికి తీసుకెళ్తే తామర పురుగు అన్నారు, ఇంకో మందు ఇచ్చారు. తెచ్చాను గానీ కొట్టబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే చేను గట్టు మీద కూర్చుని ఊరికే చూస్తూ ఉన్నాను. అప్పుడు తెలిసింది. తూర్పు గట్టు దగ్గర సాళ్ళు మరీ ఘోరంగా ఉన్నాయి. కొంచెం పడమటికి వస్తే నయం. ఇంకా వస్తే కొసలు మాత్రమే కాస్త ముడత. ఆ తర్వాత చేనంతా పచ్చగా బాగుంది. నేను మందు కొట్టడం మొదలుపెట్టింది తూర్పు గట్టు నుంచే. ఎకరానికి ఎనిమిది ట్యాంకులు పోస్తాను. ఎకరానికి నలభై గుంటలు, అంటే ట్యాంకుకి ఐదు గుంటలు. లెక్కేసుకుంటే మొదటి ట్యాంకు ఐదు గుంటలు పూర్తిగా, రెండోది సగం, మూడోది కొంచెం. తెగులు ట్యాంకులు లెక్కపెట్టుకుని రాదు కదా!

బాబాయ్ మొక్కజొన్నలో గడ్డిమందు కొట్టాడని వాళ్ళ అబ్బాయి మాటల్లో తెలిసింది. ఇంకా బాబాయ్‌ని అడగలేదు.

నాకు రెండు విషయాలు చెప్పండి. ఒకటి, ఈ పదిహేను గుంటలు దక్కుతాయా? రెండోది దీనికంటే కష్టంగా ఉంది. ఇక మీదట పంపు ఇవ్వను అని నా నోటితో ఎలా అనాలి? పార వంగితే కంటికి కనబడుతుంది. నిచ్చెన మెట్టు విరిగితే కనబడుతుంది. ఈ పంపు లోపల ఏం మిగిలిందో ఎవరికి కనబడుతుంది? ఇవ్వకపోతే ఊళ్ళో "కొన్నాక కళ్ళు నెత్తికెక్కాయి" అంటారు. ఇస్తే ఇదిగో ఇలా. మూడు రాత్రుల నుంచి సరిగ్గా నిద్ర లేదు.

రిటైర్డ్_ఏఈఓ

బాబూ, నేను వ్యవసాయ విస్తరణ అధికారిగా చేసి రిటైరయ్యాను. ముందు ఒక్కటి నిర్ధారణ చేసుకో. మొక్కజొన్న చేను మీకు ఆనుకునే ఉందంటున్నావు. గాలికి ఎగిరొచ్చినా ఇవే లక్షణాలు వస్తాయి. గాలికి వస్తే ఆ చేను వైపు గట్టంతా దెబ్బతిని, దూరం పోయే కొద్దీ తగ్గుతుంది. పంపులోంచి వస్తే నువ్వు నడిచిన దారి ప్రకారం, ట్యాంకు మారిన చోట తేడా తెలుస్తుంది. మీ మొక్కజొన్న ఏ దిక్కున ఉంది?

నువ్వు చెప్పిన లక్షణాలు మాత్రం 2,4-డి అనే గడ్డిమందువే. మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకి 25, 30 రోజుల మధ్య కొడతారు. మొక్కజొన్నకి ఏమీ కాదు. పత్తికి మాత్రం అది విషం. ఈ మందుకి మరీ సున్నితమైన పంటల్లో పత్తి ఒకటి. ట్యాంకు అడుగున, ఫిల్టరు దగ్గర, గొట్టంలో మిగిలిన కాస్త చాలు.

చేను దున్నేయవద్దు. పత్తి తేరుకునే మొక్క. బాగా ముడుచుకున్న కొసలు జానెడు లోపు, సుమారు 15 సెంటీమీటర్లు తుంచెయ్యి. ఆ తర్వాత లీటరు నీటికి 10 నుంచి 15 గ్రాముల యూరియా కలిపి కొట్టు. తెచ్చిన పురుగు మందు పక్కన పెట్టు, అక్కర్లేదు. కాపు ఆలస్యమవుతుంది, మొదటి తీత తగ్గుతుంది. అది తప్పదు. ఒక మొక్కని వేళ్ళతో సహా పీకి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించు, వాళ్ళు చూడగానే చెప్తారు.

ఇక పంపు సంగతి. యూరియా కూడా అదే పంపుతో కొడతావు కాబట్టి ముందు దాన్ని శుభ్రం చెయ్యి. నాజిల్, ఫిల్టరు విప్పు. మంచినీళ్ళు పోసి ఊపి, గన్ లోంచి పూర్తిగా వదిలెయ్యి. ఇలా మూడుసార్లు. తర్వాత 25 లీటర్లకి పావు కిలో బట్టల సోడా కలిపి, కాసేపు గన్ లోంచి వదిలి, మిగిలింది ట్యాంకులో, గొట్టంలో రాత్రంతా ఉంచు. పొద్దున వదిలేసి మళ్ళీ రెండుసార్లు మంచినీళ్ళు. ఆ మందు ఎస్టర్ రకమైతే రబ్బరు గొట్టంలోకి ఇంకిపోతుంది, అప్పుడు గొట్టం మార్చేయడమే మంచిది. సోడియం సాల్ట్ పొడి రకమైతే నీళ్ళలో కరుగుతుంది, ఇలా కడిగితే పోతుంది. అందుకే ఏ డబ్బానో, ఏ ప్యాకెట్టో మీ బాబాయ్‌ని అడగక తప్పదు. కడిగిన నీళ్ళు మాత్రం చెరువులోకి, కాలవలోకి, బోరు దగ్గర పోయకండి. బీడు నేల మీద పొయ్యండి.

పత్తిచేను_ఖమ్మం

సార్, చాలా చాలా థాంక్స్. మొక్కజొన్న మాకు దక్షిణం వైపు ఉంది. దక్షిణం గట్టు మీద పడమటి సగం చాలా బాగుంది. దెబ్బ తిన్నదంతా తూర్పునే. ఇవాళ మళ్ళీ పోయి చూశాను. మొదటి ట్యాంకు అయిపోయిన సాలు దగ్గర గీత గీసినట్టు తేడా ఉంది. ఒక సాలులో ఆకు దారాల్లా ఉంటే, పక్క సాలులో సగం మామూలుగా ఉంది. పంపే సార్.

పంపు_మెకానిక్

అన్నా, నా పని ఇవే పంపులు బాగు చేయడం. సీజన్లో నా దగ్గరికి వచ్చే వాటిలో చాలావరకు అరువు పోయొచ్చినవే. నువ్వు ఇంజిను కూడా ఒకసారి చూసుకో. టూ స్ట్రోకుకి లీటరు పెట్రోలులో 40 మి.లీ. టూ టీ ఆయిల్ కలపాలి. తీసుకెళ్ళినవాళ్ళకి అది తెలియదు. బండిలోంచి పెట్రోలు తీసి అలాగే పోస్తారు. పది, పదిహేను నిమిషాలు బ్రహ్మాండంగా నడుస్తుంది, తర్వాత పట్టేస్తుంది. విప్పితే పిస్టన్ మీద నిలువుగా గీతలు ఉంటాయి, గోరుతో గీకినట్టు. ఇక పిస్టన్, రింగులు, ఒక్కోసారి బోరు (సిలిండరు) కూడా మార్చాలి. పోయిన నెల ఒకతను రెండు వేలకి పైగా కట్టాడు. పంపు ఆయనది, పోసింది బామ్మర్ది. బిల్లు కట్టేటప్పుడు ఆయన మొహం నేను చూశాను, డబ్బు తీసుకోవడానికి నాకే చెయ్యి రాలేదు.

ఇంకోటి. నాజిల్ మూసుకుపోతే పిన్నీసు పెట్టి పొడుస్తారు. బొక్క పెద్దదై తుంపర పోయి ధార పడుతుంది. మందు ఎక్కువ పోతుంది, చేను తడవదు. పాత టూత్ బ్రష్షు ఒకటి పంపుకే దారంతో కట్టిపెట్టు. నేను బాగు చేసిన ప్రతి పంపుకీ కట్టి పంపిస్తున్నాను. ఆయిలు కలిపిన పెట్రోలు కూడా నువ్వే సీసాలో పోసి ఇవ్వు. డబ్బులు తీసుకో, అడిగి తీసుకో. అప్పుడు కనీసం ఇంజిను బతుకుతుంది.

ఉలి_సుత్తి

మాది వడ్రంగం. మా నాన్న ఉలి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కానీ లేదు అని పంపేవాడు కూడా కాదు. అరువుకని ఒక పాత అరంగుళం ఉలి, ఒక సుత్తి, పళ్ళు అరిగిన చిన్న రంపం వేరే సంచిలో ఉండేవి. అవే ఇచ్చేవాడు. చిన్నప్పుడు నాకు అది పిసినారితనం అనిపించేది. పన్నెండేళ్ళ కింద ఒకతనికి మొహమాటపడి నా మంచి ఉలి ఇచ్చాను. సున్నం డబ్బా మూత తెరిచాడు దాంతో. అంచు మీద గోధుమ గింజంత తునక లేచిపోయింది. సానరాయి మీద ఆ అంచు మళ్ళీ తీసుకురావడానికి ఒక పూట పట్టింది. అతను చెడ్డవాడు కాదు. అతనికి అదొక ఇనుప ముక్క, నాకు నా చేతి వేళ్ళలో ఒకటి. ఆ తేడా అతనికి తెలియాలని ఆశించడం నా తప్పే అనిపించింది. అప్పటి నుంచి నాన్న సంచి మళ్ళీ తీశాను.

మీరు కూడా పాత చేతి పంపు ఒకటి కొని పెట్టుకోండి. గడ్డిమందు అనేవాళ్ళకి అదే ఇవ్వండి.

సంఘం_అక్క

తమ్ముడూ, మాది ప్రకాశం జిల్లా, మిర్చి ఊరు. మా మహిళా సంఘంలో ఐదుగురం కలిసి రెండు పంపులు కొన్నాం. మొదటి ఏడాదే నీకు జరిగినట్టు మా ఒకామె మిర్చికి జరిగింది. ఆరోజు మీటింగులో అరుపులు, ఏడుపులు. ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి చెప్తాను.

ఒక పంపు ట్యాంకుకి చుట్టూ ఎర్ర పెయింటు పట్టీ వేశాం. అది గడ్డిమందుకే. దానితో ఇంకేం కొట్టకూడదు. రెండోది పురుగు మందులకి, తెగులు మందులకి. దాంట్లో గడ్డిమందు ఎవరు పోసినా ఆ సీజన్ మొత్తం వాళ్ళకి పంపు లేదు. ఒక నోటు పుస్తకం ఉంది. పేరు, తేదీ, కొట్టిన మందు పేరు, ఎన్నిసార్లు కడిగారు అని నాలుగు గళ్ళు. రాయడం రానివాళ్ళు ఖాళీ ప్యాకెట్టు తెచ్చి చూపిస్తారు, నేను రాసుకుని వెంటనే పారేయిస్తాను. ఖాళీ మందు డబ్బాలు ఇంట్లో పెట్టుకోవద్దు, పిల్లలుంటారు.

మొదట్లో "నా మీద నమ్మకం లేదా" అని ఇద్దరు ముగ్గురు అలిగారు. "నీ మీద ఉంది, గొట్టం మీద లేదు" అని చెప్పాను. ఇప్పుడు తీసుకెళ్ళేవాళ్ళే ముందు పుస్తకం అడుగుతున్నారు. తనకంటే ముందు ఏం కొట్టారో చూసుకుంటే తన చేనుకే కదా మంచిది. నువ్వు ఒక్కడివే కాబట్టి పుస్తకం కూడా అక్కర్లేదు. పంపు మీద ఒక అట్టముక్క వేలాడదియ్యి, పెన్ను కట్టు.

అరువు_తెచ్చుకున్నవాడు

నేను అవతలివైపు నుంచి రాస్తున్నాను. ఇది ఎప్పుడూ ఎక్కడా చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఉంటాను. నా స్నేహితుడు ఎలక్ట్రీషియన్. కొత్త ఇంట్లో కర్టెన్ రాడ్లు బిగించుకుందామని ఆదివారం అతని డ్రిల్లింగ్ మెషిన్ అడిగి తెచ్చుకున్నాను. గోడ మీద బాగానే దిగింది. కిటికీ పైన కాంక్రీటు బీము తగిలింది. అది హ్యామర్ లేని మామూలు మెషిన్. దిగకపోతే బలంగా నొక్కాను. ఇంకా నొక్కాను. కాలిన వాసన వచ్చింది. చెయ్యి పెడితే వేడిగా ఉంది. ఆపేశాను. గంట తర్వాత నొక్కి చూస్తే తిరిగింది. ఏం కాలేదులే అని తుడిచి, వైరు చక్కగా చుట్టి, అదే సంచిలో పెట్టి ఇచ్చేశాను. స్వీట్లు కూడా పట్టుకెళ్ళాను.

రెండు రోజులకి సైటులో నిచ్చెన మీద ఉండగా అతని చేతిలోనే పొగ వచ్చి ఆగిపోయింది. ఆ రోజు కూలి పోయింది, కాంట్రాక్టర్ తిట్టాడు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "పాతబడిపోయిందిరా, నీ దగ్గర ఉన్నప్పుడు ఆగలేదు, నయం" అన్నాడు. నేను ఊ అన్నాను. ఆ ఊ నన్ను ఏడాదిన్నర తినేసింది. చివరికి చెప్పి, కొత్త మెషిన్ కొనిచ్చాను. డబ్బుకి అతను బాధపడలేదు. "వాసన వచ్చిందని ఆరోజే చెప్పి ఉంటే, వాడకుండా పక్కన పెట్టేవాణ్ణి కదరా" అన్నాడు.

మీ బాబాయ్‌కి అసలు ఈ విషయం తెలియకపోవచ్చు. ఆయన దృష్టిలో నీళ్ళు పోసి కడిగాడు, అయిపోయింది. లేదా ఈపాటికి మీ చేను చూసి అనుమానం వచ్చి, మీ మొహం చూడలేకపోతూ ఉండొచ్చు. ఎలాగైనా ఆయన అంతట ఆయన రాడు. మేం రాలేం. మీరే వెళ్ళండి. నలుగురిలో వద్దు, ఒక్కరే వెళ్ళండి. ఒక కొమ్మ పట్టుకెళ్ళండి.

పత్తిచేను_ఖమ్మం

అందరి జవాబులు మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. హైదరాబాద్ అన్న రాసింది రెండుసార్లు చదివాను. మీరు చెప్పినట్టే చేశాను.

రాత్రి అన్నాల వేళ దాటాక ఒక కొమ్మ విరిచి, పక్కన బాగున్న కొమ్మ ఇంకోటి పట్టుకుని బాబాయ్ వాళ్ళింటికి పోయాను. ఏమీ అనలేదు. రెండూ మంచం మీద పక్కపక్కన పెట్టాను. బాబాయ్ సెల్ లైటు వేసి చాలాసేపు చూశాడు. ఆకు తిరగేసి ఈనెలు చూశాడు. "కడిగాను రా, రెండు బిందెలు పోసి కడిగాను" అన్నాడు. నాకు ఆ మాటకి కోపం రాలేదు. నిజంగా కడిగాడు. ట్యాంకు కడిగాడు, గొట్టంలో ఉంటుందని ఆయనకి తట్టలేదు. ప్యాకెట్టు ఇంకా పశువుల కొట్టం చూరులో ఉంటే తీసి చూపించాడు. పొడి రకమే సార్, సోడియం సాల్ట్, 80 శాతం. గొట్టం మార్చక్కర్లేదు అనుకుంటున్నాను. పిన్ని మాత్రం లోపలి నుంచి బయటికి రాలేదు.

మర్నాడు తెల్లారేసరికి బాబాయ్, పిన్ని, వాళ్ళ అబ్బాయి ముగ్గురూ మా చేలో ఉన్నారు. నేను పోయేసరికే రెండు సాళ్ళు తుంచేశారు. డబ్బు సంగతి ఆయనే ఎత్తాడు. పత్తి తీసేటప్పుడు ఈ పదిహేను గుంటల్లో ఎంత తగ్గిందో తూకం వేసి చూద్దాం అన్నాడు. నేను అప్పటికి చూద్దాంలే అన్నాను. తీసుకోవాలో వద్దో నాకింకా తెలియడం లేదు. ఆయన మొక్కజొన్న కూడా ఏమంత బాగా లేదు.

పంపుని సార్ చెప్పినట్టు సోడాతో రాత్రంతా ఉంచి కడిగాను. వదిలిన మొదటి నీళ్ళు బకెట్లో పట్టి చూశాను, నురగ తప్ప ఏమీ తెలియలేదు, వాసన కూడా లేదు. అంత మామూలుగా కనబడే నీళ్ళే నా చేనుని అలా చేశాయంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. యూరియా కొట్టేటప్పుడు భయపడి మొదటి ట్యాంకు దెబ్బతిన్న సాళ్ళలోనే కొట్టాను, బాగున్న చేనులో కాదు. చేతి పంపు పాతది 600 కి దొరికింది. ఎర్ర పెయింటు వేశాను. తైవాన్ పంపుకి అట్టముక్క, పెన్ను, టూత్ బ్రష్షు మూడూ కట్టాను. అట్ట మీద మొదటి గడిలో బాబాయ్ పేరు, ఆ మందు పేరు నేను రాయలేదు. ఆయనే అడిగి రాశాడు.

రిటైర్డ్_ఏఈఓ

మంచి పని చేశావు బాబూ. మొదటి ట్యాంకు దెబ్బతిన్న సాళ్ళలో కొట్టాలన్న ఆలోచన నేను చెప్పి ఉండాల్సింది, నీకే వచ్చింది. ఇంకో వారం ఆగి కొత్త చిగుర్లు చూడు. ఆకు వెడల్పు తిరిగితే తేరుకున్నట్టే. ఆ ఖాళీ ప్యాకెట్టు చూరులోంచి తీయించావా?

పత్తిచేను_ఖమ్మం

తీయించాను సార్. పన్నెండు రోజులైంది. మూడో ట్యాంకు సాళ్ళలో కొత్త ఆకులు పూర్తిగా మామూలుగా విప్పుకున్నాయి. రెండో ట్యాంకు సాళ్ళలో కింద పక్క కొమ్మల నుంచి చిగుర్లు వస్తున్నాయి, ఆకు కొంచెం సన్నంగా ఉంది గానీ బెండ ఆకులా లేదు. తూర్పు గట్టు ఐదు గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి. కొన్ని మొక్కలు మాత్రం కాండం మొదలు దగ్గర పచ్చటి మొలక పెట్టాయి. నాలుగు రోజుల నుంచి ముసురు పట్టి ఉంది. వాన తెరిపి ఇచ్చాక ఫోటోలు పెడతాను.